ఇచ్చింది చాలు, ఒప్పుకోండి

సూళ్లూరుపేట దాటి శ్రీహరికోట రోడ్డెక్కితే కాసేపటికే రెండు పక్కలా పులికాట్ వచ్చేస్తుంది. వానలు పడ్డాక నీళ్లు, ఎండాకాలంలో తెల్లగా ఉప్పు పూసిన బురద, చలికాలంలో ఫ్లెమింగోలు. కార్లు వరసగా ఆగుతాయి, అద్దాలు దిగుతాయి, పొడుగు లెన్సులు బయటికొస్తాయి. ఆ పక్షులకీ కార్లకీ మధ్యలో మోకాలి లోతు నీళ్లలో వంగి, రెండు చేతుల్తో బురద తడుముకుంటూ నడిచే ఆడవాళ్లు కనపడతారు. చేతికి తగిలిన రొయ్య బుట్టలోకి పోతుంది. వల లేదు, పడవ లేదు. చాలా ఏళ్ల కిందట హైదరాబాద్ నుంచి స్నేహితుల్ని తీసుకెళ్లినప్పుడు, ఫొటోకి అడ్డం వస్తుందని వాళ్లలో ఒకామెకి కొంచెం పక్కకి జరగమని చెయ్యి ఊపాను. ఆమె ఏమీ అనలేదు, జరిగింది. అట్లా జరగడం ఆమెకి అలవాటే. చెయ్యి ఊపిన మొదటివాణ్ని నేను కాదు మరి.

వాళ్లు యానాదులు. నెల్లూరు వైపు పుట్టినవాళ్లకి పరిచయం అక్కర్లేదు. అసలు మా రోగమే అది. చెరువు కట్ట మీదో, కాలవ గట్టు మీదో, రొయ్యల గుంట పక్కనో ఒంటరి గుడిసె ఉంటే అది యానాదోళ్లదని మాకు తెలుసు. మళ్లో ఎలకలు పడితే, దొడ్లో పాము కనిపిస్తే, తోటకి కాపలా కావాలంటే "యానాదోణ్ని పిలవండ్రా" అంటారు. ఆ మనిషికి ఒక పేరుంటుందని, ఇంట్లోవాళ్లు ఆ పేరుతోనే పిలుస్తారని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. రెడ్డి యానాదులు, అడవి యానాదులు, కప్పల యానాదులు అని వాళ్లలో విభాగాలు చెప్తారు. ఆ పేర్లు వింటేనే పెట్టింది ఎవరో తెలిసిపోతుంది. 2011 జనాభా లెక్కల్లో వాళ్లు ఐదు లక్షలకు పైనే. ఆంధ్రప్రదేశ్‌లోని పెద్ద షెడ్యూల్డ్ తెగల్లో ఒకటి. అయినా మన సాహిత్యంలో ఆదివాసి కనపడాలంటే కొండెక్కాలి. ఏజెన్సీ, ఇప్పపూలు, విల్లంబులు, తిరుగుబాటు ఉంటేనే మనకి కవిత్వం వస్తుంది. బస్టాండు వెనక మురికికాలవ పక్కన ఉండే ఆదివాసికి కవిత్వం రాదు. కేశవరెడ్డి 'చివరి గుడిసె' రాశారు, స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' రాశారు (పులికాట్ పాత పేరు ప్రళయకావేరి, ఎంత మంచి పేరు పోగొట్టుకున్నామో). ఆ తరవాత వేళ్ల మీద లెక్కపెట్టేంత. 2021లో 'జై భీమ్' చూసి మనమందరం కన్నీళ్లు పెట్టుకున్నాం. తెర మీది ఇరులర్లు పులికాట్ దక్షిణపు ఒడ్డున చేసే పనే ఉత్తరపు ఒడ్డున యానాదులు చేస్తారని ఎంతమందికి తోచింది?

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ప్రభుత్వం యానాదులకి ఏమీ ఇవ్వలేదనడం అబద్ధం. ఇస్తూనే ఉంది. ఇళ్లిచ్చింది, బియ్యమిచ్చింది, వలలిచ్చింది, హాస్టళ్లిచ్చింది, ఇచ్చినప్పుడల్లా ఫొటో తీసింది. ఇవ్వడానికి సిద్ధంగానే ఉంటుంది, ఒప్పుకోడానికే సిద్ధంగా ఉండదు. ఈ నేల మీద, ఈ నీళ్ల మీద మీకు మాకంటే ముందునించీ హక్కుంది, అది మేం కాగితంలో ఎక్కించుకోలేదు, తప్పు మాది అనే ఒక్క మాట తప్ప తక్కినవన్నీ ఇస్తుంది. దానం చేసినవాడు ఎప్పుడైనా ఆపేయొచ్చు, ఒప్పుకున్నవాడు లెక్క చెప్పాలి. అందుకే మన సర్కార్లకి సంక్షేమం అంటే ఇంత ప్రేమ, హక్కు అంటే ఇంత బెరుకు.

పోరంబోకు అనే మాట చూడండి. మనం తిట్టుకింద వాడుకుంటాం. అసలర్థం లెక్కకి బయట ఉన్నది అని. రెవెన్యూ పుస్తకంలో శిస్తు రాని నేల పోరంబోకు. చెరువు, వాగు, కాలవ గట్టు, శ్మశానం, మేత బీడు అన్నీ అందులోవే. అందరూ వాడుకునేదాన్ని తెల్లదొర శిస్తు రానిదిగా రాసుకున్నాడు, మనం ఎవరిదీ కానిదిగా చదువుకున్నాం. ఎవరిదీ కానిది సర్కారుది, సర్కారుది కాబట్టి ఎవరికైనా ఇవ్వొచ్చు. ఈ మూడు మెట్లలో మనుషులు మాయమయ్యారు. యానాదుల బతుకంతా సాగింది పోరంబోకులోనే.

శ్రీహరికోటనే తీసుకోండి. పులికాట్‌కీ బంగాళాఖాతానికీ మధ్యన ఉన్న సన్నటి పొడుగాటి దీవి. 1835లో దాన్ని ఇంగ్లీషు ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది. అప్పటికే అక్కడ యానాదులున్నారు. తేనె, కుంకుడుకాయలు, చింతపండు, సుగంధిపాల వేర్లు, బట్టలకి ఎర్రరంగు వేసే చిరివేరు వాళ్లే ఏరేవాళ్లు. 1909లో అచ్చయిన థర్‌స్టన్ సంపుటాలు కొల్లయిట్ల పెట్టి వీళ్ల ముక్కులు, తలలు కొలిచిన ధోరణిలోవే అయినా ఈ విషయం మాత్రం వివరంగా చెప్తాయి. అడవి సర్కారుది అయిపోయాక, అంతకుముందు తమకోసం ఏరుకున్న సరుకునే యానాదులు కూలికి ఏరి సర్కారుకి అప్పజెప్పారు. దీవిలో కట్టెలు కొట్టి మద్రాసు పొయ్యిలకి పంపారు. నేరస్థ తెగల చట్టం వచ్చాక చాలా చోట్ల యానాది మగవాళ్లకి పోలీసు హాజరు పడింది. ఆ చట్టం 1952లో రద్దయింది. దానికోసం జీవితమంతా తిరిగిన నెల్లూరు మనిషి వెన్నెలకంటి రాఘవయ్య పేరు నెల్లూరులోనే చాలామందికి తెలీదు. 1962లో ఆయన యానాదుల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు.

తరవాత మన కాలం. 1969లో రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటని ఎంచుకున్నారు. 1971 అక్టోబర్ 9న మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. ఆ భూమిని తీసుకునేముందు అక్కడేముంది అంటే, సర్వి, యూకలిప్టస్ కట్టెల తోటలు అని జవాబొస్తుంది. ఇప్పటికీ ఆ కేంద్రం గురించి ఎక్కడ చదివినా ఇదే వాక్యం. చెట్లు గుర్తున్నాయి! భూసేకరణ జరిగింది 1894 చట్టం కాలంలో. ఆ చట్టం పరిహారం ఇచ్చేది కాగితం ఉన్నవాడికి. పునరావాసం అనే మాటే అందులో లేదు. పట్టా ఉన్న రైతు నష్టపోయిన భూమికి లెక్క కట్టొచ్చు. చింతచెట్టు కింద పదితరాలు కాయలేరుకున్నవాడి నష్టాన్ని ఏ కాలమ్‌లో రాయాలి? చెట్టు పేరున పట్టా ఉండదు కదా.

ఇక్కడ చాలామంది "అప్పుడు చట్టాలు లేవు, ఏం చేస్తాం" అంటారు. ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 107వ ఒడంబడిక మీద భారతదేశం 1958లోనే ఆమోదించింది. ఆదివాసులు సంప్రదాయంగా ఉంటున్న నేలల మీద వాళ్ల యాజమాన్యాన్ని, ఉమ్మడిగా అయినా విడివిడిగా అయినా, గుర్తించాలంటుంది దాని 11వ అధికరణ. తప్పనిసరై కదిలించాల్సొస్తే, అంతకుముందు ఉన్న భూమికి నాణ్యతలో తీసిపోని భూమి ఇవ్వాలంటుంది 12వది. మన కోర్టుల్లో ఒప్పందాలు వాటంతటవి నడవవు, పార్లమెంటు చట్టం చెయ్యాలి అనే వాదన నాకు తెలుసు. కానీ లోకం ముందు మాటిచ్చి పదకొండేళ్లకి శ్రీహరికోటని ఎంచుకున్నాం. ఆ మాట గుర్తుచేసినవాళ్లు ఎవరూ లేకపోయారు, అంతే.

సరే, గతం గతః అందాం. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. దాని పూర్తి పేరులోనే హక్కుల గుర్తింపు అని ఉంది, హక్కుల మంజూరు అని లేదు. వలస పాలనలోనూ, స్వతంత్రం వచ్చాక కూడా అడవిలో ఉన్నవాళ్ల హక్కుల్ని గుర్తించకపోవడం చారిత్రక అన్యాయం అని దాని పీఠికే ఒప్పుకుంటుంది. నేనడుగుతున్న ఒప్పుకోలు పార్లమెంటు ఎప్పుడో చేసేసింది. నెల్లూరు దాకా అది రాలేదు.

ఎందుకు రాలేదు? మన బుర్రల్లో ఆదివాసి హక్కు అంటే షెడ్యూల్డ్ ప్రాంతం. 1/70 చట్టం, పెసా చట్టం, 1997 సమతా తీర్పు అన్నీ ఐదో షెడ్యూల్ ప్రాంతాలకి సంబంధించినవి. నెల్లూరులో ఒక్క ఊరూ ఆ పటంలో లేదు. లక్షలమంది ఆదివాసులున్నా వాళ్లు కొండ మీద లేరు, ఒకచోట గుంపుగా లేరు. అందుకని ఆ రక్షణ ఏదీ వాళ్లకి లేదు. కానీ అటవీ హక్కుల చట్టానికి ఐదో షెడ్యూల్‌తో పని లేదు. అడవి ఉంటే చాలు. దీనికి "నెల్లూరులో అడవెక్కడుంది సార్?" అన్నాడు నాతో ఒక ఆఫీసులో ఒకాయన, టీ తాగుతూ, చాలా మర్యాదగానే. ఆయన వెనక గోడ మీద ఫ్లెమింగో పండగ పోస్టరుంది.

ఆ పోస్టరులోనే ఉంది జవాబు. చట్టంలో సెక్షన్ 2(డి) ప్రకారం అడవి భూమి అంటే చెట్లున్న నేల ఒక్కటే కాదు. రిజర్వు అడవి, రక్షిత అడవి, వర్గీకరించని అడవి, వీటితోపాటు అభయారణ్యాలు, జాతీయ ఉద్యానవనాలు కూడా. పులికాట్ ఆంధ్ర భాగాన్ని 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. కాబట్టి చట్టం దృష్టిలో ఆ ఉప్పునీటి సరస్సు అడవి. నవ్వొచ్చినా అది అడవే. ఇక సెక్షన్ 3(1)(డి): చేపలు, నీటి వనరుల్లో దొరికే తక్కిన వాటి మీద సామూహిక హక్కు, సంచార తెగలు రుతువును బట్టి వాడుకునే వనరుల మీద హక్కు. బురద తడిమి రొయ్య పట్టే ఆమె గురించి ఢిల్లీలో ఎవరో కూచుని రాసినట్టే ఉంటుంది. ఇంకొంచెం ముందుకెళ్తే 3(1)(ఇ)లో ఆవాస హక్కులున్నాయి. మామూలుగా ఇవి బాగా వెనకబడిన ఆదిమ తెగలకే అని చెప్పి చెంచుల దగ్గర ఆగిపోతారు. చట్టం అక్కడ ఆగలేదు. వ్యవసాయానికి ముందు దశలో ఉన్న సముదాయాలు అని కూడా రాసింది. ఆవాసం అంటే ఏమిటో చెప్పే 2(హెచ్)లో అయితే అడవిలో ఉండే తక్కిన షెడ్యూల్డ్ తెగల్ని కూడా చేర్చింది. వేట, సేకరణ, చేపలు పట్టడం మీద బతికిన యానాదులు ఆ మాట కిందికి రారని ఎవరైనా వాదిస్తే ఆ వాదన వినాలని ఉంది నాకు. ఇంతవరకు వాదించాల్సిన అవసరం కూడా ఎవరికీ పడలేదు.

శ్రీహరికోట సంగతి ఇంత తేలిక కాదు, అది దాచను. 2005 డిసెంబర్ 13కి ముందు పునరావాసం అందకుండా అక్రమంగా వెళ్లగొట్టబడినవాళ్లకి ఉన్నచోటే పునరావాసం అంటుంది 3(1)(ఎం). కానీ 1970లో చట్టంలోనే పునరావాసం లేకపోతే అది అందలేదని ఎట్లా నిరూపించడం? అన్యాయం ఎంత సంపూర్ణంగా ఉందంటే దాన్ని అక్రమం అనడానికి కూడా వీల్లేకుండా చేశారు. అభివృద్ధి పనికోసం తీసుకుని ఐదేళ్లలో ఆ పనికి వాడని భూమి గురించి 4(8) మాట్లాడుతుంది. దీవిలో ఎక్కువ భాగం ఇప్పటికీ అడవే. ప్రయోగ వేదికల చుట్టూ ఖాళీ వదలడం కూడా వాడకమే అంటారు వాళ్లు. ఈ మాటలో నిజం ఉంది కూడా. న్యాయవాదులు తేల్చాలి. తేల్చాలంటే ముందు ఎవరో ఒకరు అడగాలి.

దేశభద్రత అనే మాట పడగానే మన నోళ్లు మూతపడతాయి. నేనూ 2023 జులై 14న చంద్రయాన్ ఎగిరినప్పుడు టీవీ ముందు చప్పట్లు కొట్టినవాణ్నే. రాకెట్లు ఆపమని ఎవరూ అనట్లేదు. హక్కు ఒప్పుకోవడం అంటే తాళంచెవులు ఇచ్చేసి వెళ్లిపోవడం అని మనకెవరు చెప్పారు? ఆస్ట్రేలియాలో వూమెరా అనే రాకెట్ల పరీక్షా స్థలం ఉంది. 1947 నాటిది, శ్రీహరికోటకి అన్న లాంటిది. ఆ ఎడారి ఖాళీ అన్నారు, అక్కడున్న ఆదివాసుల్ని కదిలించారు, పక్కన మారలింగలో అణుబాంబులు కూడా పేల్చారు. తరవాత 1984లో ప్రత్యేక చట్టం చేసి మారలింగ నేలల యాజమాన్యాన్ని అక్కడి ప్రజలకి తిరిగి ఇచ్చారు. వూమెరా మూతపడలేదు. నిషిద్ధ ప్రాంతంలో ఎవరు ఎప్పుడు వెళ్లొచ్చు, ఎప్పుడు వెళ్లకూడదు అనేది మాట్లాడుకుని రాసుకునే విషయం. శ్రీహరికోటలో ప్రయోగం ఉన్న రోజు పులికాట్ చుట్టూ, సముద్రంలో ఎవరూ పోకూడదు అని చెప్తారు, అందరూ వింటారు. ప్రయోగం లేని రోజు ఎవరు పోవచ్చో కూడా రాస్తే భద్రతకి వచ్చే ముప్పేంటి?

ఆస్ట్రేలియాని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. అయితే నీళ్ల గురించి వాళ్ల కోర్టులు అడిగిన ప్రశ్నలు మన దగ్గర ఇంకా ఎవరూ అడగలేదు. 1992లో మాబో తీర్పు, తెల్లవాళ్లు రాకముందు ఆ నేల ఎవరిదీ కాదు అనే అబద్ధాన్ని కొట్టేసింది. అదీ ఒక పోరంబోకు కథే. 2008లో బ్లూ మడ్ బే తీర్పు, ఆదివాసి నేలల మీద ఆటుపోట్ల నీళ్లు కప్పే చోట కూడా లోపలికి ఎవరు రావాలో చెప్పే అధికారం ఆదివాసులదే అంది. 2013లో టోరెస్ జలసంధి కేసులో, చేపలవేటకి ప్రభుత్వం లైసెన్సులు పెట్టినంత మాత్రాన అంతకుముందునించీ ఉన్న హక్కు చచ్చిపోదు అంది. అదే దేశంలో యోర్టా యోర్టా ప్రజల దావా 2002లో ఓడిపోయింది. మీ సంప్రదాయం చరిత్ర ప్రవాహంలో కొట్టుకుపోయింది కాబట్టి హక్కూ పోయింది అన్న అర్థంలో ముందు కింది కోర్టు తీర్పిచ్చింది. ఈ వాదన మన దగ్గరికి రాకముందే దానికి సిద్ధంగా ఉండాలి. యానాదుల చేతిలో సెల్‌ఫోనుంది, పిల్లాడు రీల్స్ చేస్తున్నాడు, వీళ్లేం ఆదివాసులు అంటారు రేపు. నది మళ్లించినవాడే, ఇక్కడ నీళ్లెక్కడున్నాయి అని అడిగినట్టు.

పర్యావరణ ప్రేమికులకి ఒక మాట. మనలో చాలామంది వాళ్లే. పులికాట్‌ని కాపాడాలంటే మనుషుల్ని దూరం పెట్టాలి అనే నమ్మకం మనకి వన్యప్రాణి డాక్యుమెంటరీల్లోంచి ఎక్కింది. పులికాట్‌ని ఎవరు దెబ్బతీశారు? చేతుల్తో రొయ్యలు తడిమే ఆడవాళ్లా? 1990ల్లో నెల్లూరు తీరమంతా రొయ్యల గుంటలు తవ్వారు. ఊళ్లకి ఊళ్లు ఉప్పునీళ్లెక్కాయి. ఆ గుంటల కాపలాకి యానాది కుటుంబాల్నే పెట్టారు, అప్పు ఇచ్చి, అప్పు తీరదాకా కదలకుండా. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు పులికాట్‌కి వెయ్యి మీటర్ల లోపల ఇట్లాంటి గుంటలు పెట్టకూడదంది, తీరప్రాంత నియంత్రణ మండలంలో ఉన్నవి తీసెయ్యమంది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టం చేసి దారి తెరిచింది. 2023లో దాన్ని సవరించి ఆ మండలంలో ఉన్న సాగుని చట్టబద్ధం చేసింది, అదీ వెనకటి తేదీ నుంచి. చూశారా, గుర్తించాలి అనుకుంటే ఎంత బాగా గుర్తిస్తారో! రొయ్యల గుంటకి వెనకటి తేదీ వేసి హక్కిచ్చిన దేశం, అంతకంటే ఎన్నో తరాల ముందు అదే బురదలో నిలబడ్డ మనిషికి రుజువులు చూపించమంటుంది.

డీకేటీ పట్టాల కథ కూడా ఇదే వరసలోది. ఎకరం అరెకరం యానాదులకి ఇచ్చారు. ఇచ్చిన భూమి చేతులు మారకూడదని 1977లో చట్టం చేశారు. పట్టా యానాది పేరు మీదే ఉంటుంది, గుంట మాత్రం ఇంకొకరిది. యానాది తన పేరు మీది భూమికే కాపలా ఉంటాడు. మా వైపు ఇది వింతగా చెప్పుకునే విషయం కూడా కాదు.

రేవుల సంగతీ చూడాలి. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూల్లో దుగరాజపట్నంలో పెద్ద రేవు కడతామని రాశారు. పులికాట్ అంచున, శ్రీహరికోట పొరుగున. పక్షుల వల్ల, రాకెట్ల వల్ల ఇబ్బందన్నారు. ఆ చర్చలన్నిట్లో పక్షులకి ఒక వకాల్తా ఉంది, రాకెట్లకి ఒకటి ఉంది. ఆ నీళ్లలో బతికేవాళ్ల హక్కు మాత్రం అభ్యంతరాల జాబితాలో ముందువరసకి రాలేదు.

మత్స్యకారుల మాట ఎత్తకుండా ఈ వాదన నడిపితే అది మోసం అవుతుంది. సముద్రం మీద, సరస్సు మీద వేటాడే పట్టపు కులాల వాళ్లకీ కట్టుబాట్లున్నాయి. పులికాట్ తమిళ వైపున పాడు అనే పద్ధతి పేరుపొందింది. ఏ రోజు ఎవరు ఎక్కడ వల వెయ్యాలో చీటీలేసి, వంతులేసి పంచుకుంటారు. అందమైన ఏర్పాటు. పరిశోధకులు దాన్ని తెగ మెచ్చుకుంటారు. కానీ ఆ వంతుల్లో ఇరులర్లకి, యానాదులకి వంతు లేదు. కులం లోపలివాళ్లకి సమానత్వం, బయటివాళ్లకి బురద. సంప్రదాయ హక్కులు ఒప్పుకోండి అని మనం గట్టిగా అరిచేటప్పుడు ఎవరి సంప్రదాయం అని కూడా అడగాలి. పడవ ఉన్నవాడి ఆచారం కోర్టుకెక్కగలదు, చేతులు మాత్రమే ఉన్నవాడి ఆచారం అలవాటుగా మిగిలిపోతుంది. అంతమాత్రాన ఇది పట్టపువాళ్లకీ యానాదులకీ మధ్య తగువు కాకూడదు. మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, ఆ అభయారణ్యంలో ఉండి దాని మీద ఆధారపడి బతికామని చూపగలిగితే వాళ్లకీ అదే చట్టంలో చోటుంది. ఇద్దరూ కలిసి అడిగితే రేవు కట్టేవాడికి, గుంట తవ్వేవాడికి కష్టం. అందుకే ఇద్దరూ కలవకుండా చూసుకునేవాళ్లు ఉంటారు.

చివరికి ఎవరు చెయ్యాలి ఈ పని? చట్టం కలెక్టర్ చెయ్యాలనలేదు. గ్రామసభ అంది. 2013లో నియమగిరి విషయంలో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకి వదిలితే పన్నెండుకి పన్నెండూ గని వద్దన్నాయి. డోంగ్రియా కోండులకి ఊళ్లున్నాయి, ఆ ఊళ్లలో వాళ్లే ఎక్కువమంది. యానాదులు పెద్దకులాల ఊరి శివార్లో నాలుగు గుడిసెలు, పది గుడిసెలు. ఆ ఊరి గ్రామసభలో వాళ్లు కింద కూచుంటారు, పిలిస్తే. అక్కడ లేచి "పులికాట్ మాది" అని చెప్పమనడం మనలాంటివాళ్లకి సులువు. మర్నాడు కాపలా పని పోతే బియ్యం ఎవరు పోస్తారు? దీనికీ ఒక దారుంది. ఏ రికార్డులోనూ లేని గుడిసెల గుంపుల్ని జాబితా చేసి, ఈ చట్టం కోసం ప్రత్యేక గ్రామంగా చూడొచ్చని 2012లో సవరించిన నిబంధనల్లో 2ఎ చెప్తుంది. అటవీ హక్కుల కమిటీలో మూడింట రెండొంతులు షెడ్యూల్డ్ తెగలవాళ్లుండాలంటాయి అవే నిబంధనలు. రుజువులకి పాత దస్తావేజులు అక్కర్లేదు. దుంపలు తవ్వుకునే చోట్లు, చేపలు పట్టే చోట్లు, మంచినీళ్లు తెచ్చుకునే చోట్లు చూపించొచ్చు. దావా వేసినవాళ్లు కాక ఇంకో పెద్దమనిషి చెప్పిన మాట రాసుకున్నా రుజువే. అక్షరం రాని ముసలవ్వ మాటకి ఇంత విలువిచ్చిన చట్టం మన దేశంలో ఇంకోటి ఉందేమో నాకు తెలీదు.

కాబట్టి కొత్త చట్టం కావాలని నేను అడగట్లేదు. కొత్త పథకం అసలే వద్దు. సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం, వాకాడు, చిట్టమూరు మండలాల్లో నీళ్లకి ఆనుకుని ఉన్న యానాది గుడిసెల గుంపుల జాబితా ఒకటి కావాలి. (2022 నుంచి వీటిని తిరుపతి జిల్లా కింద రాస్తున్నారు. నోటికి మాత్రం ఇంకా నెల్లూరనే వస్తుంది.) ఆ గుంపుల్ని 2ఎ కింద చూడమని పంచాయతీలకి రాయాలి. ఈ పత్రిక చదివేవాళ్లలో లాయర్లున్నారు, జీఐఎస్ పటాలు గీసే ఉద్యోగాలు చేసేవాళ్లున్నారు, శని ఆదివారాలు పులికాట్‌లో పక్షుల్ని లెక్కపెట్టి యాప్‌లో ఎక్కించేవాళ్లున్నారు. ఏ కొంగ ఏ తేదీన ఎక్కడ వాలిందో చెప్పగలిగినవాళ్లం మనం. ఏ మడుగులో ఏ కాలంలో ఎవరి అమ్మమ్మ రొయ్యలు పట్టిందో కూచోబెట్టుకుని అడిగి, పటం మీద చుక్క పెట్టి, వాళ్ల ముందు చదివి వినిపించడం మనకి రాని విద్యేం కాదు. అడిగేటప్పుడు పేరు పెట్టి పిలవాలి, వాళ్లు ఊ అంటేనే రాయాలి, చివరికి ఆ కాగితం వాళ్ల దగ్గరే ఉండాలి.

సామూహిక హక్కుల దరఖాస్తుని ఫారం బి అంటారు. రెండు పేజీలు కూడా ఉండదు. అందులో ఊరి పేరు, గ్రామ పంచాయతీ, మండలం రాశాక, మీ సముదాయం అనుభవిస్తున్న హక్కులేవి అని అడిగే చోట చేపలు, నీటి వనరులు అని అచ్చులోనే ఉంటుంది. పక్కన రాయడానికి కాస్త జాగా వదిలారు.